ఎర్ర చీరలు కట్టినా అడవి పందులు మక్క చేనులో ఎందుకు పడుతున్నాయి?

ములుగు దగ్గర అడవి అంచున మక్క చేను, చుట్టూ ఎర్ర చీరలు, గెట్టు మీద ఎర్ర బల్బు. వారం రోజులు రాని పందులు మళ్లీ పడ్డాయి, ఇంకా ముదురు రంగు చీరలు కట్టాలా అని ఒక రైతు అడిగారు. వద్దు. ఆ ఎరుపు మన కంటికే ఎరుపు.

పంది కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే, మనకు మూడు. నీలం దానికి తెలుస్తుంది గానీ ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగ్గా తెలియదు. మొదటి వారం అది బెదిరింది చీర కదలికకు, చీరకు పట్టిన మనిషి వాసనకు. వానకు వాసన పోయింది, రోజూ ఒకేచోట ఊగే గుడ్డ అలవాటైపోయింది. అందుకే ఉతకని పాత చీరలు కట్టి, నాలుగైదు రోజులకోసారి చోటు మార్చండి. కింది అంచు నేలకు తగలాలి, లేదంటే పంది పిల్లలు కింద నుంచి దూరతాయి.

పంది బతికేదే ముక్కుతో. వాసన పట్టే జన్యువులు మనకు సుమారు 400 ఉంటే దానికి వెయ్యికి పైనే. మూతి నేలకు ఆనించుకుంటూ వస్తుంది కాబట్టే కటింగ్ షాపు వెంట్రుకలు పనిచేస్తాయి: పీల్చినప్పుడు ముక్కులోకి పోయి చికాకు పెడతాయి. గెట్టు మీద గడ్డి చెక్కి, ఒట్టి మట్టి మీద అడుగు వెడల్పున పలచగా చల్లండి. గడ్డిలో పడితే దాని ముక్కుకు అందవు. వానకు ముద్దకడితే మళ్లీ చల్లాల్సిందే. ఇదంతా కంకి పాలు పోసుకోకముందే మొదలుపెట్టాలి, రుచి మరిగాక ఆపడం చాలా కష్టం.

రాత్రి టార్చి వేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బర్రె కన్ను మెరిసినట్టు పంది కన్ను మెరవదు, వెలుగును తిప్పికొట్టే పొర దానికి లేదు. మెరుపు కనబడలేదని చేనులోకి దిగకండి, పిల్లలున్న ఆడపంది మీదికి దూకితే ప్రాణాపాయం.

మైకులో కుక్కల అరుపులూ అంతే, ఒకే మూల నుంచి ఒకే రికార్డు వస్తుంటే కొన్ని రాత్రులకే లెక్కచేయదు.

ఖర్చు పెట్టగలిగితే సోలార్ కంచె మేలు. ఇంటి కరెంటు తీగకు తగిలించడం నేరం, మనుషులూ పశువులూ చస్తున్నారు, ఆ ఆలోచనే వద్దు. సోలార్ కంచెలో కింది తీగ నేల నుంచి జానెడు ఎత్తున, రెండోది మూరెడు ఎత్తున ఉండాలి. తడి ముక్కుకు తగిలితేనే షాక్ గట్టిగా కొడుతుంది, పంది వెనక్కి పోతుంది. కింది తీగ ఎత్తుగా ఉంటే వీపుకు తగులుతుంది. బిరుసు వెంట్రుకల వల్ల షాక్ సరిగ్గా అందదు, పైగా అప్పటికే సగం లోపలికొచ్చిన పంది ముందుకే దూకుతుంది. తీగకు గడ్డి తగిలినా కరెంటు నేలలోకి పోతుంది, వానాకాలంలో వారానికోసారి కోయండి.