ఇంటర్వ్యూలకి వెళ్లే ముందు, మేనకోడలికి

చిన్నీ,

కాలేజీ పత్రిక కోసం హైదరాబాద్‌లో కొత్తగా పైకొస్తున్న ఆర్టిస్టుల మీద వరసగా రాయబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. నువ్వు ఇంజనీరింగ్ వద్దని జర్నలిజంలో చేరినప్పుడు ముఖం మాడ్చుకున్నవాడు, ఇప్పుడు "అంతా నీ పోలికే" అని నన్ను దెప్పుతూనే మురిసిపోయాడు. నాకూ గర్వంగానే ఉంది. కానీ ఆదివారం అనుబంధం డెస్కులో ఇలాంటివి ఏళ్ల తరబడి దిద్దినదాన్ని కదా, టెన్షన్ కూడా పట్టుకుంది. వాట్సాప్‌లో పెడితే రెండు లైన్లు చదివి బొటనవేలి బొమ్మ కొడతావని ఈ ఉత్తరం.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. రికార్డ్ చేసే ముందు అడుగు. పేరు, ఇంటిపేరు వాళ్లచేతే రాయించుకో. అవార్డు వచ్చిందంటే సర్టిఫికెట్ చూడు. బొమ్మ బహుమతిగా ఇస్తే తీసుకోకు, ఎంత నచ్చినా సరే. పూర్తికాని బొమ్మని ఫొటో తీసి ఇన్‌స్టాలో పెట్టావో, చెవి మెలేస్తా.

మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో షో ఉంటే ప్రారంభోత్సవం రోజు వెళ్లి లాభం లేదు. ఆ రోజంతా శాలువాలు, సెల్ఫీలే. మర్నాడు మధ్యాహ్నం వెళ్లు. ఆర్టిస్టు ఒక్కడే కుర్చీలో కూర్చుని, ఎవరైనా వస్తారా అని గుమ్మం వైపు చూస్తుంటాడు. లామకాన్ సాంస్కృతిక వేదికలో పాడేవాళ్లనైతే సౌండ్ చెక్ టైమ్‌లో పట్టుకో.

అసలు నాకు భయమున్నది వేరే దగ్గర. ఫ్లెక్సీలు రాకముందు సంగతి ఇది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి బ్యానర్లు గీసే కుర్రాడొకడు ఉండేవాడు. రాత్రుళ్లు సొంత బొమ్మలు వేసుకునేవాడు. నలుగురితో కలిసి మొదటిసారి షో పెట్టాడని తెలిసి మా పేపరు నుంచి ఒక కొత్త రిపోర్టర్ వెళ్లాడు. టీ తాగుతూ మాటల్లో ఆ అబ్బాయి అన్నీ చెప్పేశాడు. నాన్న తాగుడు, అమ్మ పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కట్టడం, అన్నీ. మనవాడు అన్నీ రాశాడు. డెస్కులో ఇంకొకరు కన్నీళ్లు తెప్పించే హెడ్డింగ్ తగిలించారు. బొమ్మల గురించి ఉన్నవి రెండు వాక్యాలు, అందులో ఒకటి "అద్భుతంగా ఉన్నాయి" అని.

షోకి వచ్చినవాళ్లు బొమ్మల ముందు నిలబడి అమ్మ ఎలా ఉందని అడిగారట. సొంత అక్కచెల్లెళ్లకి కూడా చెప్పుకోని తాకట్టు సంగతి బస్తీ మొత్తానికి తెలిసిపోయి, ఆవిడ కొన్నాళ్లు నల్లా దగ్గరికి కూడా వెళ్లలేదట. ఆ అబ్బాయి పేపరు మడిచి పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. రిపోర్టర్ లేడు, నేనున్నాను. గొడవ చేయలేదు. "మేడమ్, నేను ఏం గీస్తానో ఇందులో ఎక్కడుందో చూపించండి" అన్నాడు.

తర్వాత చాలాసేపు మాట్లాడాడు. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, గుడ్డ మీద అవే గళ్లు పెద్దవి చేసి, ఒక్కో గడీ నింపుకుంటూ పోతారట. దగ్గర నిలబడితే హీరో కన్ను కూడా మొత్తం కనపడదు. దిగి, రోడ్డు దాటి అవతలికి వెళ్లి చూసుకుని, మళ్లీ ఎక్కాలి. అందుకే సొంత బొమ్మల్లో ముఖాలు ఎప్పుడూ సగమే వేసేవాడట. ఎంత మంచి కథ చూడు! అడిగితే చెప్పేవాడే.

రిపోర్టర్ అబద్ధమేమీ రాయలేదు, నిజమే. కానీ కబుర్లలో చెప్పిందంతా అచ్చుకి ఇచ్చినట్టు కాదు తల్లీ. ఇంటి సంగతి ఏదైనా వస్తే, లేచే ముందు "ఇది రాయనా?" అని విడిగా అడుగు. వద్దంటే వదిలెయ్. మా పేపరు మర్నాటికి మిర్చి బజ్జీల పొట్లమయ్యేది. నువ్వు రాసింది మాత్రం ఎన్నేళ్లయినా గూగుల్లో ఉంటుంది. కొత్తవాళ్ల పేరు కొడితే చాలాసార్లు అదొక్కటే వస్తుంది కూడా.

ఇంకొకటి. బొట్టు పెట్టుకున్న పల్లె ఆడవాళ్లని ఎవరు గీసినా "రేపటి వైకుంఠం" అని రాయకు. 1942లో బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకుని, ఏళ్లు గడిచాక గానీ ఆ బొమ్మల దగ్గరికి రాలేదు. పాపం, ఇరవై రెండేళ్ల పిల్ల నెత్తిన అంత బరువెందుకు? అలాగే తెలంగాణ మాట మాట్లాడేవాళ్లు "గిట్ల" అంటే "గిట్ల" అనే ఉంచు. మా డెస్కులో దిద్దేసేవాళ్లు, నాకు ఒళ్లు మండేది.

శంకరపల్లి వైపు ఎవరిదో స్టూడియోకి సాయంత్రం పూట వెళ్తున్నావట. పగలు పెట్టుకోలేవా? స్నేహితురాలిని వెంట తీసుకెళ్లు, మీ నాన్నకి లొకేషన్ పంపు. చాదస్తం అనుకుంటే అనుకో. ఎంత పేరున్నవాడైనా, కూర్చోబెట్టిన చోటు నీకు ఇబ్బందిగా అనిపిస్తే ఇంటర్వ్యూ మధ్యలోనే లేచి వచ్చెయ్. ఆ పేజీ ఖాళీగా పోయినా కొంప మునగదు.

మొదటిది రాశాక ముందు నాకు పంపు. ఎర్ర పెన్ను ఇంకా ఉంది, కళ్లజోడు మాత్రం కొత్తది. మీ నాన్న నీ ఉద్యోగం సంగతి ఎత్తితే నాకు ఫోన్ చేయమను, నేను మాట్లాడతాను. నువ్వు ముందు నా ఫోన్ ఎత్తడం నేర్చుకో.

మీ అత్త