రెండు ఓట్ల లెక్క: కొత్తగా రీసెర్చ్ మొదలెట్టిన అమ్మాయికి

అమ్మలూ,

నీ సినాప్సిస్ చదివాను. ఒకే రోజు ఎమ్మెల్యేకి ఒక పార్టీకి, ఎంపీకి ఇంకో పార్టీకి జనం ఎందుకు వేశారన్న నీ ప్రశ్న చాలా బాగుంది, ముందు అది చెప్పాలి. 2019 ఏప్రిల్ 11న మన జిల్లా జనం ఒకే క్యూలో నిలబడి, ఒకే బూత్‌లో రెండు ఓట్లు వేశారు, అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకి ఒకటి. శ్రీకాకుళం పార్లమెంటు కిందున్న ఏడు అసెంబ్లీ సీట్లలో ఐదు వైసీపీకి వెళ్లాయి, ఇచ్ఛాపురం, టెక్కలి టీడీపీకి మిగిలాయి. కానీ ఎంపీగా టీడీపీ నుంచి రామ్మోహన్ నాయుడు 6,653 ఓట్లతో గట్టెక్కారు. రాష్ట్రంలో 25 ఎంపీ సీట్లలో 22 వైసీపీ పట్టుకుపోయిన ఏడాది అది. అంటే ఎమ్మెల్యేకి ఒక గుర్తు మీద, ఎంపీకి ఇంకో గుర్తు మీద నొక్కినవాళ్లు బాగానే ఉన్నారన్నమాట. ఎందుకు నొక్కారు అంటే టీ కొట్టు దగ్గర ప్రతి ఒక్కరి దగ్గరా ఒక జవాబు రెడీగా ఉంటుంది, నీ కష్టమంతా అక్కడే.

నాకు నచ్చనిది నీ చాప్టర్ల వరస. మూడో చాప్టర్లో లెక్కలు, నాలుగో చాప్టర్లో ఇంటర్వ్యూలు, ఐదో దాంట్లో ‘రెండు పద్ధతులనూ సమన్వయం చేయడమైనది’ అని ఒక వాక్యం. ఆ సమన్వయం ఎక్కడ జరిగిందో ఎంత వెతికినా నాకు దొరకలేదు. ఇలాంటి థీసిస్‌లు చాలా వస్తున్నాయి. ముందు టేబుళ్లు వేస్తారు, తర్వాత ఆ టేబుళ్లు చెప్పిన సంగతే చెప్పే నాలుగు మాటలు ఊళ్లోంచి ఏరుకొచ్చి శుభలేఖ మీద వినాయకుడి బొమ్మలా పెడతారు, టేబుల్‌తో పడని మాట అన్నవాళ్లు మాత్రం నోట్‌బుక్‌లోనే ఉండిపోతారు. అలా చేయొద్దు. ఊళ్లో విన్న మాటకి నీ లెక్కని మార్చే హక్కుండాలి, నీ లెక్కకి విన్న మాటని కాదనే హక్కుండాలి. రెండింటిలో ఏ ఒక్కదానికి ఆ హక్కు లేకపోయినా రెండో పద్ధతి నీకు అవసరం లేనట్టే, ఒక్కదాంతోనే శుభ్రంగా చేసుకో, అందులో తప్పేం లేదు.

ఇక పనిలోకి వద్దాం. ఫారం 20 అని ఉంటుంది, బూత్ వారీగా ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు వచ్చాయో రాసిన ఫైనల్ రిజల్ట్ షీట్. ఎంపీ ఎన్నికకి కూడా అసెంబ్లీ సెగ్మెంట్ వారీగా, బూత్ వారీగా ఉంటుంది. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే కాబట్టి ఎక్సెల్‌లోకి చేత్తో ఎక్కించుకోవాలి, విసుగొస్తుంది, అయినా ఇంకొకరికి అప్పగించకు, ఎక్కిస్తుంటేనే బూత్‌లు నీకు పరిచయమవుతాయి. రెండు ఓట్లూ ఒకే రోజువి గనక బూత్ నంబర్లు కలుస్తాయి, అదో అదృష్టం, వేరే వేరే ఎన్నికల్ని పోల్చేవాళ్లకి ఆ సుఖం లేదు. పోస్టల్ బ్యాలెట్లు విడిగా ఉంటాయి, అవి ఏ బూత్‌లోనూ చేరవు. ఒక్కో బూత్‌లో టీడీపీ ఎంపీ ఓట్లలోంచి టీడీపీ ఎమ్మెల్యే ఓట్లు తీసెయ్యి, వైసీపీకీ అలాగే చెయ్యి. వచ్చేదే నీ అసలు సరుకు.

ఇక్కడే ఒక గోతి ఉంది. ఒక బూత్‌లో ఒక పార్టీకి ఎమ్మెల్యే ఓట్లు 400, ఎంపీ ఓట్లు 450 అనుకో. యాభై మంది క్రాస్ ఓటింగ్ చేశారని, అంటే రెండు ఓట్లూ రెండు పార్టీలకి వేశారని రాసేస్తావు. 120 మంది ఇటు వచ్చి 70 మంది అటు పోయినా తేడా యాభయ్యే కదా. లోపల జరిగిన రాకపోకలు ఫారం 20కి తెలియవు, మిగిలిన తేడా ఒక్కటే తెలుసు. 1950లోనే రాబిన్సన్ అనే సోషియాలజిస్టు దీన్ని అమెరికా సెన్సస్‌తో చూపించాడు. విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువ కనిపించింది, మనిషి మనిషినీ తీసుకుని చూస్తే ఆ వలస వచ్చినవాళ్లలోనే అక్షరాస్యత తక్కువ. ఊరి లెక్కని మనిషికి అంటగడితే వచ్చే తప్పు అది. నీ సినాప్సిస్‌లో ‘ఎస్సీ ఓటర్లు ఎక్కువున్న బూత్‌లలో తేడా ఎక్కువ కాబట్టి ఎస్సీ ఓటర్లు క్రాస్ ఓటింగ్ చేశారు’ అన్న లైను తీసెయ్యమనేది అందుకే. ఆ బూత్‌లో క్రాస్ చేసింది మిగతావాళ్లు కావచ్చు. అది అక్కడికి వెళ్లి అడగాల్సిన విషయం.

తిత్లీ తుపాను సంగతి కూడా రాశావు. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటింది, పోలింగ్‌కి సరిగ్గా ఆరు నెలల ముందు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. తుపాను సాయం వల్లే ఎంపీకి ఓట్లు పడ్డాయి అన్నావు. ఒక్క నిమిషం ఆగి ఆలోచించు. సాయం చేసింది రాష్ట్ర ప్రభుత్వం. దాని మీద కృతజ్ఞత అయినా కోపమైనా ఎమ్మెల్యే ఓటు మీదా పడాలి, ఎంపీ ఓటు మీదా పడాలి. రెండింటినీ ఒకేలా కదిపేది ఏదైనా ఆ రెండింటి మధ్య తేడాకి కారణం అవ్వదు. పలాస సీటు వైసీపీకే పోయింది, అది కూడా మర్చిపోకు. మరి తుపాను వాదన బతకాలంటే ఇంకేదో ఉండాలి. సర్కారు డబ్బు సంగతి పక్కన పెట్టి, ఫలానా మనిషి వచ్చాడు, నిలబడ్డాడు అన్న లెక్క ఎంపీకి విడిగా పడి ఉండాలి. పడిందో లేదో వజ్రపుకొత్తూరులో, మందసలో, కవిటిలో అడిగితేనే తెలుస్తుంది. వాళ్లు అవునన్నారే అనుకో, అక్కడితో ఆపకూడదు, మళ్లీ ఎక్సెల్ తెరవాలి: అలా అయితే ఉద్దానం బూత్‌లలో తేడా, తుపాను అంతగా తగలని ఆమదాలవలస వైపు బూత్‌ల కంటే ఎక్కువ ఉండాలి కదా, ఉందా? లేకపోతే జనం అబద్ధం చెప్పారని కాదు, వాళ్లు చెప్పింది వాళ్లకి నిజమే, జిల్లా మొత్తం తేడాకి అది కారణం కాదు అంతే. నేను రెండూ కలపమనేది ఇలా.

ఏ ఊళ్లకి వెళ్లాలన్నది బంధువులున్న ఊరు, బస్సు దొరికే ఊరు చూసి తేల్చకు. లీబర్‌మన్ అనే పొలిటికల్ సైంటిస్టు 2005లో చెప్పిన పద్ధతి నీకు సరిగ్గా పనికొస్తుంది. ముందు లెక్క కట్టు, నీ లెక్క బాగా కుదిరిన బూత్‌లు కొన్ని తీసుకో, అసలు కుదరనివి కొన్ని తీసుకో. కుదిరిన చోట నువ్వనుకున్న కారణం నిజంగా పనిచేసిందా అని చూడు, కుదరని చోట నీకు తట్టని కారణం ఏముందో వెతుకు. నన్నడిగితే కుదరని ఊళ్లలోనే ఎక్కువ రోజులు ఉండు. అశుతోష్ వార్ష్ణేయ్ మతకల్లోలాల మీద చేసిన పని గుర్తుందా, 1950 నుంచి 1995 దాకా అల్లర్ల లెక్క తీసి, ఆ లెక్క చూశాకే హైదరాబాద్‌ని లక్నోతో, అలీగఢ్‌ని కాలికట్‌తో, అహ్మదాబాద్‌ని సూరత్‌తో జతకట్టి లోతుగా చూశాడు. నువ్వు కూడా పక్కపక్కనే ఉండి అన్నిట్లో ఒకేలా ఉన్నా ఓటు మాత్రం వేరుగా పడిన రెండు ఊళ్లు వెతుక్కో.

ఊళ్లోకి వెళ్లాక రామాలయం అరుగు మీద మొదట మాట్లాడేవాళ్ల దగ్గరే ఆగిపోవద్దు. వాళ్లు ఊరి తరఫున మాట్లాడతారు, వేసింది మాత్రం ఎవరి ఓట్లు వాళ్లే. పలాసలో జీడి ఫ్యాక్టరీలకి పనికెళ్లే ఆడవాళ్లు సాయంత్రం దాకా ఇళ్లలో దొరకరు. ‘మాకేటి తెలుసమ్మా’ అని మొదలెట్టే ముసలావిడ దగ్గర కూర్చో, తొందరపెట్టకు. ఎవరికేశారు అని అడగనే అడక్కు. ఆ రోజు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం జరిగింది, ఎవరొచ్చారు, రెండో మిషన్ దగ్గర ఏమనిపించింది, అలా అడుగు. ఇంకో సంగతి, 2024లో అదే ఎంపీ మూడు లక్షలకి పైగా మెజారిటీతో గెలిచాక 2019 జ్ఞాపకం కూడా మారిపోతుంది, గెలిచినవాళ్లకే వేశామని చెప్పేవాళ్లు చాలా దేశాల్లో ఎక్కువే. అందుకే ఒకరి జ్ఞాపకాన్ని ఆ బూత్ ఫారం 20తో ప్రతిసారీ సరిచూసుకోవాలి.

సర్వే కూడా పెట్టావు, వంద మందితో. వంద మందిని ఎంత పద్ధతిగా ఎంచుకున్నా అటూ ఇటూ పది శాతం తేడా రావచ్చు, నాలుగు వందలైతే ఐదు. ఆ ఇద్దరు అభ్యర్థులకీ పడిన పదిన్నర లక్షల ఓట్లలో 6,653 ఒక శాతం కూడా కాదు. ఎవరెందుకు గెలిచారో ఆ సర్వేతో తేలదు, ఆ ఆశ వదులుకో. చేస్తే మాత్రం ఓటర్ల లిస్టులోంచి పేర్లు తీసి చెయ్యి, ఎదురైనవాళ్లతో కాదు. అప్పుడు తాళం వేసిన ఇళ్లు తగులుతాయి, చెన్నైలో, హైదరాబాద్‌లో పనికెళ్లినవాళ్లు, గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉన్న మత్స్యకారులు. వాళ్ల బదులు పక్కింటివాళ్లని రాసేసుకోకు. ఎన్ని తాళాలు, వాళ్లలో పోలింగ్‌కి ఎందరు వచ్చారు అన్నది రాసుకో, మన జిల్లాలో అది చిన్న విషయం కాదు.

హద్దులు జాగ్రత్త. పాత శ్రీకాకుళం జిల్లాలో పది అసెంబ్లీ సీట్లు, పార్లమెంటుకి ఏడే. ఎచ్చెర్ల, రాజాం విజయనగరం పార్లమెంటు కింద, పాలకొండ అరకు కింద. 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. నీ చేతిలో ఉన్న సెన్సస్ 2011ది. జిల్లా స్థాయిలో ఏదీ అతకదు, మండలం, ఊరు పట్టుకునే వెళ్లు. పైగా ఆ సెన్సస్‌లో ఊరి స్థాయిలో ఎస్సీ, ఎస్టీ లెక్క ఉంది గానీ కాళింగులెందరో, తూర్పు కాపులెందరో, వెలమలెందరో లేదు. ఇంటిపేర్లు చూసి ఊహించేస్తే తప్పులొస్తాయి, ఒకే ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంటుంది. ఆ ఊరివాళ్లతో కూర్చుని వీధి వీధికీ అడిగి అంచనా వేసుకోవడమే దారి. చూశావా, నీ రిగ్రెషన్‌లోకి, అంటే ఏ కారణంతో తేడా ఎంత మారుతుందో కట్టే లెక్కలోకి, వెళ్లే అంకె కూడా మాటల్లోంచే వస్తోంది.

ఒక్కటి మాత్రం కచ్చితంగా పాటించు. ఆరేడు వందల ఓట్లున్న బూత్ నంబర్ వేసి, పక్కనే ‘ఒక వార్డు మెంబర్ భార్య ఇలా అన్నారు’ అని రాస్తే ఆవిడెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. పెన్షన్‌కో, ఇంటి పట్టాకో రేపు ఆవిడే తిరగాలి. మాట రాస్తే బూత్ నంబర్ వద్దు, నంబర్ వేస్తే మాట వద్దు. గైడ్ అడిగినా ఇదే చెప్పు.

ముందు ఇచ్ఛాపురం, ఆమదాలవలస రెండు సెగ్మెంట్లు ఎక్కించి నాకు పంపు. దాంతోపాటు, ఊళ్లకి బయల్దేరకముందే ఒక పేజీ రాయి: ఏది కనిపిస్తే నా వాదన వదిలేస్తాను అని, తేదీ వేసి. అది లేకుండా ఫీల్డుకి వెళ్లొద్దు.

మీ మాస్టారు,
విజయనగరం