కంబోడియా వెళ్తున్న చిన్నికి పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి చిన్నికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాసేది.

జనవరిలో నువ్వూ అల్లుడుగారూ పన్నెండు రోజులు కంబోడియా వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన పట్టిక చూశాను. మొదటి రోజే తొమ్మిది గుళ్ళు పెట్టుకున్నావు. మొదటిసారి నేనూ అదే చేశాను. రాత్రి గదికొచ్చి ఫొటోలు చూసుకుంటే ఏ గోపురం ఏ గుడిదో గుర్తు పట్టలేకపోయాను. అంత డబ్బు పోసి వెళ్ళి, అన్ని మెట్లెక్కి, ఏమీ మిగలలేదే అని ఏడుపొచ్చింది. తర్వాత ఇంకో రెండుసార్లు నెమ్మదిగా తిరిగాక ఆ దేశం నాకు కాస్త తెలిసింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు ఒక మాట. అక్కడికి వెళ్ళిన మనవాళ్ళు గోడమీద రాముణ్ణి చూడగానే "ఇవన్నీ మనవే" అంటారు. గైడు పక్కనుండగానే అంటారు. నువ్వు అనకు తల్లీ. కథలు ఇక్కడివే, కాదనను. కానీ ఆ రాయి తొలిచింది, మోసింది, చెక్కింది, కట్టించింది అక్కడి జనం, ఖ్మేరులు. పెళ్ళికి వెళ్ళి, పెళ్ళికూతురి చీర మా ఊరి నేతేనని గొప్పలు పోతే ఎలా ఉంటుంది? పిలిస్తే వచ్చిన చుట్టంలా వెళ్ళు. అప్పుడు వాళ్ళే చేయి పట్టుకుని చూపిస్తారు.

అంగ్కోర్ అంటే సియెమ్ రీప్ ఊరి పక్కనున్న పాత ఖ్మేరు రాజధాని గుళ్ళన్నీ. వాటి టికెట్టు మూడు రోజులది తీసుకో, 62 డాలర్లు. వరసగా మూడు రోజులూ తిరగక్కర్లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఒక్క రోజుదైతే 37 డాలర్లు. రోజు విడిచి రోజు గుళ్ళు చూడు, మధ్యలో ఊళ్ళు తిరుగు. భుజాలూ మోకాళ్ళూ కప్పే నూలు బట్టలు పెట్టుకో, లేకపోతే అంగ్కోర్ వాట్ పై అంతస్తుకు ఎక్కనివ్వరు. మీ పొడుగు చేతుల చుడీదారులు చక్కగా పనికొస్తాయి.

అంగ్కోర్ వాట్ దగ్గర సూర్యోదయానికి అందరూ కోనేటి గట్టున తోసుకుంటారు. చూడాలనుంటే చూడు. కానీ సూర్యుడు పైకి రాగానే జనం ఫలహారాలకని హోటళ్ళకు మళ్ళుతారు. నువ్వు కదలకు. రెండు అరటిపళ్ళు సంచిలో పెట్టుకుని వెళ్ళు. వసారాలన్నీ ఖాళీగా దొరికేది ఆ వేళలోనే. ఆ గుడి పడమటి ముఖం. పడమటి నుంచి లోపలికి వెళ్ళి కుడిచేతి వైపు తిరిగితే మొదట వచ్చేది కురుక్షేత్రం. అంపశయ్య మీద భీష్ముడు కనిపిస్తాడు. అలా సాగితే గోడబొమ్మలు ఎడమచేతి వైపున వస్తాయి, అంటే మన ప్రదక్షిణానికి ఎదురు నడక. పడమటి ముఖం, ఈ అప్రదక్షిణం చూసి ఇది కట్టించిన రాజు రెండో సూర్యవర్మ అంత్యక్రియలకూ ఉద్దేశించిన గుడి కావచ్చని చాలామంది పండితులు అంటారు. 12వ శతాబ్దం మొదటి సగంలో విష్ణువు కోసం కట్టించాడు. దక్షిణపు గోడమీద ఆ రాజే గొడుగుల కింద కూర్చుని ఉంటాడు. అది దాటితే యముడు, చిత్రగుప్తుడు, నరకాలు. తూర్పున క్షీరసాగర మథనం, దాదాపు 49 మీటర్ల పొడవున ఒక్కటే బొమ్మ. 92 మంది అసురులు ఒకవైపు, 88 మంది దేవతలు ఒకవైపు, మధ్యలో విష్ణువు. కింద నీళ్ళలో చేపలు, మొసళ్ళు ఆ సుడికి ముక్కలైపోతుంటాయి. దాని ముందు అరగంట నిలబడు. నేను మూడోసారి వెళ్ళినప్పుడు గానీ ఆ చేపల్ని చూడలేదు.

బయటికి వచ్చేటప్పుడు పడమటి గోపురంలో దక్షిణం వైపు ఎనిమిది చేతుల విష్ణుమూర్తి నిలబడి ఉంటాడు. ఒంటిమీద పసుప్పచ్చ బట్ట, ముందు అగరొత్తులు, పూలు, అరటిపళ్ళు. ఆయన్ని అక్కడివాళ్ళు తా రీచ్ అంటారు. తా అంటే తాత, రీచ్ అంటే రాజు. వాళ్ళు బౌద్ధులే, అయినా వచ్చి మొక్కుకుంటారు. మనకు విష్ణువు, వాళ్ళకు ఆ నేలను కాచే రాజతాత. వాళ్ళు కూర్చున్నట్టే కూర్చుని దణ్ణం పెట్టుకో. మొక్కేవాళ్ళ మొహాలకు కెమెరా పెట్టకు.

బయోన్ గుడిలో అందరూ పైకెక్కి నవ్వే ముఖాల గోపురాలు చూస్తారు. నువ్వు కింది గోడల దగ్గరే ముందు ఆగు. ఆ గుడి కట్టించిన రాజు ఏడో జయవర్మ కాలపు సంత అక్కడుంది. చేపలమ్మే ఆడవాళ్ళు, పొయ్యి మీద వంట, కాన్పు, కోడిపందెం. పుంజుల్ని పట్టుకుని ఎదురెదురుగా కూర్చున్న మనుషుల్ని చూస్తే మన గోదావరి జిల్లాల సంక్రాంతి బరి గుర్తుకు వస్తుంది. మీరు వెళ్ళేదీ ఆ నెలే. తా ప్రోమ్ గుడిని 1186లో ఆయన తల్లి పేరిట ప్రతిష్ఠించాడు. చెట్ల వేళ్ళు గోడల్ని కౌగిలించుకున్న గుడి అదే. అందరూ వేళ్ళ ఫొటో తీసుకుని వచ్చేస్తారు. అక్కడి శాసనం లెక్క తెలుసుకుని వెళ్తే ఇంకోలా కనిపిస్తుంది. ఆ గుడిని పోషించడానికి 3,140 ఊళ్ళ నుంచి 79,365 మంది పనిచేశారట. నాట్యగత్తెలే 615 మంది. ఆ గుడి మరమ్మతుల్లో మన భారత పురావస్తు శాఖవాళ్ళు ఏళ్ళ తరబడి పనిచేశారు. అంతకుముందు 1986 నుంచి 1993 దాకా, అక్కడ తుపాకులు ఇంకా మోగుతున్న రోజుల్లో, అంగ్కోర్ వాట్‌లో కూడా చేశారు. గర్వపడాలనుంటే దానికి పడు.

బాంతియాయ్ స్రెయ్ మాత్రం పొద్దున్నే వెళ్ళాలి. 967 నాటి చిన్న గుడి, ఎర్ర ఇసుకరాయి. రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు కట్టించాడు. కైలాసాన్ని కదిపే రావణుడు, వాలి సుగ్రీవుల పోరు, ఖాండవదహనం, అన్నీ కొయ్య మీద చెక్కినంత సన్నగా ఉంటాయి. మధ్యాహ్నం ఎండకు ఆ చెక్కడం కంటికి ఆనదు.

అదే దారిలో ముందుకు పోతే క్బాల్ స్పియన్. అల్లుడుగారికి కొండలెక్కే సరదా కదా, అక్కడ తీరుతుంది. అడవిలో కిలోమీటరున్నర పైచిలుకు ఎక్కుడు, రాళ్ళు, వేళ్ళు. పైన ఏటి అడుగు రాతిలో వేల లింగాలు, శేషశాయి విష్ణువు. కిందికి పారే నీళ్ళు వాటిని తడుపుతూ పోవాలని చెక్కారు. జారని చెప్పులు, ఒక్కొక్కరికి రెండు లీటర్ల నీళ్ళు. లింగాల మీద కాళ్ళు పెట్టి నడవొద్దు. కాలిబాట ఒక్క అడుగు కూడా దాటొద్దు. ఇది అన్నిటికంటే గట్టిగా చెప్తున్నాను. యుద్ధకాలంలో పాతిన మందుపాతరలు ఆ దేశపు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. చూసే గుళ్ళ చుట్టూ తీసేశారు గానీ, పుర్రె బొమ్మ ఎర్రబోర్డు కనిపిస్తే మూత్రానికి కూడా ఆ పక్కకు పోకూడదు. థాయ్‌లాండ్ సరిహద్దులో 2025లో రెండు దేశాల సైన్యాలూ కొట్టుకున్నాయి. ప్రేహ్ విహియర్ కొండగుడి నాకెంత ఇష్టమైనా, ఈసారికి ఆ సరిహద్దు వైపు వద్దు. థాయ్‌లాండ్ నుంచి రోడ్డున వెళ్దామనే ఆలోచన కూడా మానుకుని విమానంలోనే దిగండి. సియెమ్ రీప్ కొత్త విమానాశ్రయం ఊరికి యాభై కిలోమీటర్లు ఉంటుంది, బండి ముందే మాట్లాడుకోండి. మోటారుసైకిలు అద్దెకు తీసుకుంటానని అల్లుడుగారు పట్టుబడితే నా మాటగా చెప్పు: తగిన లైసెన్సు లేకుండా పడితే ఇన్సూరెన్సువాళ్ళు పైసా ఇవ్వరు. అంగ్కోర్ గుళ్ళ మధ్య చెట్ల నీడలో సైకిలు తొక్కండి, అంతకంటే హాయి లేదు.

బాంతియాయ్ స్రెయ్ దారిలోనే ప్రేహ్ దాక్ అనే ఊరు వస్తుంది. బండి ఆపించు. రోడ్డు పక్కన పొయ్యిల మీద తాటిబెల్లం కాస్తుంటారు. ఆ దేశమంతా పొలాల గట్ల మీద మన తాటిచెట్లే. మనవాళ్ళు మోకు వేసుకుని ఎక్కుతారు, వాళ్ళు చెట్టుకే వెదురు నిచ్చెన కట్టేసి ఎక్కుతారు. గెలల్ని చెక్క పట్టకర్రలతో నొక్కి, కోసి, వెదురు గొట్టాల్లో రసం పడతారు. ఆ పెనం దగ్గర నిలబడితే వేసవి సెలవుల్లో మా తాతగారి ఊరి వాసన వచ్చింది నాకు. బెల్లం కాచే ఆమెకు నా మాట తెలియదు, నాకు ఆమె మాట తెలియదు. చెట్టు వైపు చూపించి "తాడి" అన్నాను. ఆమె "థ్నోత్" అంది. ఇద్దరం రెండు మాటలూ రెండుసార్లు చెప్పుకున్నాం. వేలితో తీసి వేడి బెల్లం నోట్లో పెట్టింది.

ఒక రాత్రైనా పల్లెలో పడుకోండి. నేనైతే సంబోర్ ప్రేయ్ కుక్ చెప్తాను. సియెమ్ రీప్‌కూ రాజధాని ప్నొమ్ పెన్‌కూ మధ్యలో కొంపొంగ్ థోమ్ ఊరుంది, అక్కడి నుంచి ముప్పై కిలోమీటర్లు. అంగ్కోర్ వాట్ కంటే ఐదు వందల ఏళ్ళు పాతది, 7వ శతాబ్దంలో ఈశానవర్మ రాజధాని ఈశానపురం. అడవిలో ఇటుక గుళ్ళు, కొన్ని ఎనిమిది మూలలవి. జనం బహు తక్కువ. ఊళ్ళోవాళ్ళే ఇళ్ళలో బస ఇస్తారు. ఇల్లు కొయ్య స్తంభాల మీద, కింద ఉయ్యాల మంచం, కోళ్ళు. చెప్పులు మెట్ల కిందే వదిలెయ్యాలి. పెద్దల వైపు కాళ్ళు చాపకూడదు, పిల్లలైనా సరే తల మీద చేయి వెయ్యకూడదు. భిక్షువులకు ఆడవాళ్ళం తగలకూడదు.

పిలుపులు మనలాగే వరసలతో ఉంటాయి. నీకంటే పెద్దవాళ్ళు, మగైనా ఆడైనా, "బోంగ్". చిన్నవాళ్ళు "ఓన్". ముసలమ్మను "యియయ్" అను, తాతను "తా" అను. చేతులు జోడించి "చుమ్ రీప్ సువా" అంటే పెద్దలకు నమస్కారం. చిన్నవాళ్ళకు "సూస్తెయ్" చాలు. వాళ్ళు పలకరించేదేమిటో తెలుసా? "న్యామ్ బాయ్ హావుయ్ నౌ?" అన్నం తిన్నావా అని! మొదటిసారి గైడు అర్థం చెప్పినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

రెండోసారి నేను సెప్టెంబరులో వెళ్ళాను. ఫొత్రొబొత్ నెల బహుళపక్షం, అంటే మన భాద్రపద మహాలయ పక్షాలే, వాళ్ళకు ప్చుమ్ బెన్ పండుగ. ఇంకా చీకటుండగానే నేను దిగిన ఇంటి యజమానురాలు నన్ను లేపి బౌద్ధ విహారానికి తీసుకువెళ్ళింది. నువ్వులు కలిపిన అన్నం ముద్దలు చేత పట్టుకుని, చెప్పులు లేకుండా గుడి చుట్టూ తిరుగుతూ, పోయినవాళ్ళకోసం చీకట్లోకి వేస్తున్నారు. ఆ ముద్దను "బాయ్ బెన్" అంటారు. బెన్ అంటే పిండమే. ఆమె తన ముద్దల్లోంచి రెండు నా చేతిలో పెట్టింది. మీ తాతగారిని, అమ్మమ్మను తలుచుకుని వేశాను. ఆమె ఎవరికోసం వేస్తోందో నేను అడగలేదు. ఆ వయసువాళ్ళ ఇళ్ళల్లో 1975 నుంచి 1979 వరకు ఎవరో ఒకరు పోయే ఉంటారు. అప్పటి నియంత పోల్ పోట్ పాలనలో పదిహేడు లక్షల మంది దాకా చనిపోయారని లెక్క. ఆ సంగతి మనంతట మనం ఎత్తకూడదు. వాళ్ళు చెప్తే పని ఆపి వినాలి.

ప్నొమ్ పెన్‌లో తువోల్ స్లెంగ్ చూడాలి, అది ఒకప్పటి బడి, తర్వాత చిత్రహింసల జైలు. పొద్దునే వెళ్ళు, ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకు. మర్నాడు జాతీయ మ్యూజియం. అక్కడ 605 శక సంవత్సరం అని చెక్కిన శాసనం ఉంది. ఆరుకూ ఐదుకూ మధ్య సున్నా బదులు చిన్న చుక్క. సామాన్యశకం 683 నాటిది, తేదీ తెలిసిన సున్నాల్లో అత్యంత పాతవాటిలో ఒకటి. లెక్కలు చెప్పేదానివి, నువ్వు చూడకపోతే ఎలా? ఖ్మేరు లిపిని కూడా గమనించు. వాళ్ళవీ దక్షిణాది బ్రాహ్మి నుంచి వచ్చిన అక్షరాలే. మన ఒత్తుల్లాగే అక్షరం కింద అక్షరం రాసి దాన్ని "పాదం" అంటారు. అక్షరం నెత్తిన గీత ఉంటే "జుట్టు" అంటారు. మనం తలకట్టు అనమూ!

తిండి దగ్గర నీకు ఇబ్బందే, ముందే చెప్తున్నాను. కూరల్లో సగానికి పైగా చేపల పులుసునీరో, ప్రహోక్ అనే ముగ్గబెట్టిన చేపల ముద్దో పడుతుంది. కూరగాయలే అని నమ్మి నేను రెండు రోజులు తిన్నాను. "న్యామ్ బువస్" అంటే శాకాహారం, "కోమ్ దాక్ తుక్ త్రెయ్" అంటే చేప నీరు వెయ్యొద్దు. ఈ రెండూ ఖ్మేరులో కాగితం మీద రాయించుకుని వంటావిడకు చూపించు. తూటికూర వెల్లుల్లితో వేయించి ఇస్తారు, వేడన్నంలో బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే అందులోనూ ఆల్చిప్పల సాస్ వెయ్యొద్దని చెప్పు. అల్లుడుగారు మాంసాహారి కనుక ఆయన పని సుఖం, అరిటాకులో ఆవిరికి ఉడికించిన చేప అమోక్ ఒక్కసారి తినమను.

తోన్లే సాప్ సరస్సు మీద కొంపొంగ్ ఖ్లియాంగ్ ఊరికి వెళ్ళండి. వానాకాలంలో మెకాంగ్ పొంగి, సరస్సు నుంచి రావలసిన ఏరు వెనక్కి తిరిగి సరస్సును నింపుతుంది. మీరు వెళ్ళేసరికి నీరు తీసి, మేడంత ఎత్తు స్తంభాల మీద ఇళ్ళు కనిపిస్తాయి. పడవ దగ్గర ఎవరైనా అనాథాశ్రమం చూపిస్తాం, పిల్లలకు బియ్యం కొనిపెట్టండి అంటే ఒప్పుకోకు. పర్యాటకుల డబ్బు కోసం తల్లిదండ్రులున్న పిల్లల్ని కూడా అలాంటిచోట ఉంచిన సంగతులు బయటపడ్డాయి. గుళ్ళ దగ్గర కార్డులమ్మే పిల్లల దగ్గర కూడా కొనకు. కొంటే బడి మానతారు. నాకూ మనసు ఒప్పలేదు, అయినా కొనలేదు.

వీసా ఆన్‌లైన్లో ప్రభుత్వం సైటులోనే తీసుకోండి, ముప్పై రోజులు ఇస్తారు. డాలర్లు చిన్న నోట్లు పట్టుకెళ్ళండి, అంచు చిరిగితే తీసుకోరు. డాలరుకు నాలుగు వేల రియెల్ చొప్పున చిల్లర ఇస్తారు. ఆ రియెల్ పల్లెల్లో ఖర్చు పెట్టుకోండి.

పట్టిక మార్చి మళ్ళీ పంపు, చూస్తాను. ప్రేహ్ దాక్‌లో ఆగినప్పుడు తాటాకులో చుట్టిన బెల్లం పొట్లాలు అమ్ముతారు. నాకు రెండు తే. ఒకటి మీ అమ్మకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ