ఉదయం ఆపరేషన్ చేసి సాయంత్రమే పంపవచ్చా?

ప్రశ్న: మా ఆవిడ వయసు 41. పూరీలో, వేపుళ్ళో తిన్న రాత్రి కుడి డొక్కలో మొదలైన నొప్పి వీపు దాకా పాకుతోంది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్ళున్నాయని తేలింది. ఉదయం లాప్రోస్కోపీ చేసి సాయంత్రమే పంపిస్తామని డాక్టరుగారంటున్నారు. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ, కడుపు ఆపరేషనుకు వారమైనా ఆస్పత్రిలో ఉండాలంటోంది. అసలు రాళ్ళు మాత్రమే తీస్తే సరిపోదా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ అమ్మగారు చెప్పినది ఆవిడ చూసిన ఆపరేషన్ల విషయంలో నిజమే. పక్కటెముకల కింద జానెడు కోత పెట్టి, కండరాలను చీల్చి చేసే రోజుల్లో ఆ గాయం మానడానికే ఆస్పత్రిలో రోజుల తరబడి ఉండవలసి వచ్చేది. జర్మనీలో 1985లో ఎరిక్ మ్యూహే లాప్రోస్కోపీతో పిత్తాశయాన్ని తొలగించగా, మన దేశంలో ఈ పద్ధతిని 1990లో ముంబయిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా ప్రవేశపెట్టారు. బొడ్డు దగ్గర ఒకటి, పైభాగంలో సాధారణంగా మూడు, ఏదీ సుమారు సెంటీమీటరుకు మించని రంధ్రాలు చేసి, కార్బన్ డయాక్సైడుతో పొట్టను ఉబ్బించి, కెమెరాలో చూస్తూ, పిత్తాశయానికి వెళ్ళే గొట్టానికీ రక్తనాళానికీ క్లిప్పులు వేసి దానిని తీసేస్తారు.

రాళ్ళు మాత్రమే తీస్తే, వాటిని తయారుచేసిన సంచి అక్కడే ఉంటుంది కనుక మళ్ళీ పుట్టుకొస్తాయి. పైత్యరసం ఊరేది కాలేయంలో. పిత్తాశయం దానిని నిలవ చేస్తుందంతే. అది లేకపోయినా జీర్ణక్రియ సాగుతుంది. కొందరికి మాత్రం కొన్నాళ్ళు విరేచనాలు పలచబడతాయి.

ఇక సాయంత్రం ఇంటికి రావడమంటారా, కోత చిన్నదైనా మత్తు మాత్రం పూర్తి మత్తే. అందుకే గడియారం చూసి కాక మనిషిని చూసి పంపాలి. ఆవిడ కొన్ని గంటలు పరిశీలనలో ఉండి, తాగినది కక్కకుండా, మూత్రానికి వెళ్ళి, సొంతంగా నడవగలిగి, నొప్పి మాత్రలతో అదుపులో ఉంటేనే బయలుదేరాలి. ఆ రాత్రి పక్కన పెద్దవాళ్ళొకరుండాలి. అందుకు మీ అమ్మగారే ఉన్నారు. ఆస్పత్రి ఎంత దూరమో కిలోమీటర్లలో కాదు, సాయంత్రం ఆరింటి అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్కులో లెక్కవేసుకోండి. గుండెజబ్బు ఉన్నవారికి, పిత్తాశయం వాచి చీము పట్టినవారికి, పైత్యరసాన్ని పేగులోకి చేర్చే పైత్యనాళంలో రాయి ఇరుక్కున్నవారికి నేను ఇదే రోజు ఇల్లు అనను. లోపల భాగాలు అతుక్కుపోయి స్పష్టంగా కనిపించనప్పుడు పెద్ద కోత పెట్టవలసి రావచ్చు. అది వైద్యుడి వైఫల్యం కాదు, పైత్యనాళం తెగకుండా తీసుకునే జాగ్రత్త.

ఒకటి రెండు రోజులు భుజం నొప్పి పెడితే గుండె అని హడలిపోకండి. లోపల మిగిలిన గ్యాసు వల్ల అది చాలామందికి వస్తుంది. కానీ జ్వరం, ఆగని వాంతులు, పెరుగుతున్న కడుపునొప్పి, పచ్చబడిన కళ్ళు, ఛాతీ పట్టేయడం, ఆయాసం వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళండి. ఇరవైనాలుగు గంటలు చేరకపోతే బీమా రాదనే భయం ఉంటే, పాలసీలో డేకేర్ చికిత్సల (అదే రోజు ఇంటికి పంపేవాటి) జాబితా చూడండి. రాత్రి ఉండవలసి వస్తే పడక దొరుకుతుందా అని తేదీ ఖాయం చేసుకునే ముందే అడగండి.