మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కు విరాళాలు ఆగిపోయాయా? ముందు లెక్క చూపించండి

మైన్‌క్రాఫ్ట్ ఆటకు సర్వర్ (ఆటగాళ్లంతా ఇంటర్నెట్‌లో కలిసి ఆడే కంప్యూటర్) నడిపే ఒకరు, దాతలకు ఆటలో వజ్రాల కత్తులు ఇస్తున్నా విరాళాలు మూడో నెలకే ఆగిపోయాయని రాశారు. వారికి నా జవాబు: ఇందుకు కారణం ఆటగాళ్ల పిసినారితనం కాదు. డబ్బు మీ సొంత ఖాతాలో పడుతోంది, ఖర్చు ఎవరికీ కనబడటం లేదు.

1. సర్వర్ అద్దె, డొమైన్ (సర్వర్ ఇంటర్నెట్ చిరునామా), బ్యాకప్ (ఆట డేటాకు దాచిన నకలు) ఖర్చులు అందరూ చూడగలిగే షీటులో రాయండి. ఆ నెలకు సరిపడా రాగానే “ఇక చాలు” అని ప్రకటించండి. నమ్మకం అక్కడే పుడుతుంది.

2. దాతలకు వజ్రాల కత్తులు ఇస్తున్నామన్నారు. ఈరోజే మానండి. ఆటలో పైచేయి ఇచ్చే వస్తువులు అమ్మకూడదని ఆట తయారీ సంస్థ మోజాంగ్ 2014లోనే స్పష్టం చేసింది. టోపీలు, పేరుకు రంగుల వంటి అలంకారాలకు అభ్యంతరం లేదు.

3. చాలామంది వదిలేసేది ఇదే: హోస్టింగ్ (సర్వర్ అద్దె), డొమైన్ ఖాతాల పాస్‌వర్డ్‌లు ఇద్దరి దగ్గర ఉండాలి. మా సర్వర్‌లో అన్నీ నా దగ్గరే ఉండేవి. నేను ఊరెళ్లినప్పుడు కార్డు గడువు తీరి, సర్వర్ నాలుగు రోజులు మూతపడింది. ప్లగిన్ల (సర్వర్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే చిన్న ప్రోగ్రాముల) కోడ్ కూడా ఉమ్మడి గిట్ ఖాతాలో (కోడ్‌ను, దాని మార్పులను భద్రపరిచే చోట) పెట్టండి. బ్యాకప్‌ను రెండో వ్యక్తి తన కంప్యూటర్‌లో ఒకసారి నడిపి చూడాలి. నడవని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

4. ఎక్కువ అద్దె ఉండే పెద్ద సర్వర్ ప్లాన్ కొనేముందు, భారం తగ్గుతుందేమో సర్వర్ సెట్టింగుల ఫైలులో వ్యూ డిస్టెన్స్‌ను (ఆటగాడికి ఎంత దూరం వరకు కనబడాలో చెప్పే అంకెను) 10 నుంచి 6కు తగ్గించి చూడండి.