నరం వాపు అని అమ్మకి చెప్పినాము

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. అమ్మకి 59 ఏళ్లు. ఆరేళ్ల కింద ఎడమ రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయినాయి. పోయిన నెల స్నానం చేస్తా ఉంటే మెడ కింద గడ్డ తగిలిందని అమ్మే చెప్పింది. పెట్ స్కాన్ (క్యాన్సర్ ఎక్కడెక్కడికి పాకిందో చూసే స్కాన్) చేస్తే ఊపిరితిత్తుల మధ్యలో ఉండే లింఫ్ గ్రంథులకి కూడా పాకింది, స్టేజ్ ఫోర్ అన్నారు. నాకూ తమ్ముడికీ పూర్తిగా తెలుసు, నాయనకి సగం తెలుసు, అమ్మకి మాత్రం నరం వాపు అని చెప్పినాము. అమ్మకి ఎడమ చేయి కూడా వాస్తా ఉంది. నేను బెంగళూరులో జాబ్ చేస్తాను. అమ్మకి చెప్పాలా? జాబ్ మానేసి వచ్చేయాలా? చిన్నమ్మ పసరు మందు తెచ్చింది, అది తాగించొచ్చా?

జవాబు: తల్లీ, నా కూతురి వయసు దానివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోవద్దు.

ముందు ఆ స్టేజ్ ఫోర్ అనే మాట సంగతి. చంకలో గ్రంథుల వరకే పాకితే దాన్ని స్టేజ్ ఫోర్ అనరు, నయం చేద్దామనే మందు ఇస్తారు. మీ అమ్మకి ఛాతీ లోపలికి పోయింది కాబట్టి మామూలుగా పూర్తిగా పోగొట్టడం ఉండదు, అదుపులో పెట్టడమే వైద్యం. అట్లని రేపో ఎల్లుండో అని లెక్కలేసుకోవద్దు, షుగరుకి మాత్రలు మింగినట్టు మింగుతా ఏళ్లు గడుపుతున్నవాళ్లు ఉన్నారు, అది గడ్డ రకాన్ని బట్టి ఉంటుంది. అందుకే డాక్టర్ని ఒకటి అడుగు, మెడ గడ్డలోంచి ముక్క తీసి ఈఆర్, పీఆర్, హెర్‌టూ మళ్లీ చూసినారా అని. గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా, హెర్‌టూ అనే ప్రోటీన్ ఎక్కువున్న రకమా అని చెప్పే పరీక్షలు అవి. ఆరేళ్ల కింద ఉన్న రకమే ఇప్పుడూ ఉండాలని లేదు. హార్మోన్ రకం అయితే చాలామందికి కీమో కాకుండా లెట్రోజోల్, దానితోపాటు పాల్బోసిక్లిబ్ లాంటి మాత్రలతోనే మొదలుపెడతారు. హెర్‌టూ పాజిటివ్ అయితే దానికి వేరే ఇంజెక్షన్లు ఉన్నాయి.

ఇంక చెప్పడం సంగతి. ఒకసారి రొమ్ము తీయించుకున్న మనిషమ్మా ఆమె, ఆరేళ్లుగా రోజూ మెడా చంకా తడుముకుంటానే ఉంటుంది, ఆ గడ్డ ముందు తగిలింది కూడా ఆమె చేతికే. నరం వాపుకి పెట్ స్కాన్ ఎందుకు చేస్తారు? నా దగ్గరికి క్యాన్సర్ ఉన్న ఒకామె వచ్చేది, ఆమె పిల్లలు టీబీ అని చెప్పి మందులు వేసేవాళ్లు. ఆమె ఏం చేసిందో తెలుసా, ఖాళీ అయిన మాత్రల అట్ట మీద పేరున్న ముక్క కత్తిరించి కొంగున ముడేసుకొని పోయి మెడికల్ షాపు పిల్లోడికి చూపించింది. వాడు చెప్పేసినాడు. ఆ తర్వాత మూడు నెలలు ఆమె ఇంట్లో నోరు తెరవలేదు, పిల్లలు బాధపడతారని. నాకు చెప్పి ఏడ్చింది కానీ పిల్లలకి చెప్పలేదు. పిల్లలేమో ఆమెకి ఏమీ తెలీదని సంతోషంగా ఉన్నారు.

మీ ఇంట్లో కూడా అదే నడుస్తా ఉందని నా అనుమానం. అట్లని పోయిపోయి రిపోర్టు ముందర పెట్టి చదవొద్దు. ఇద్దరూ కూర్చొని చెనక్కాయలు వలుస్తా ఉన్నప్పుడో, పూలు కడతా ఉన్నప్పుడో (చేతిలో పని ఉంటే మొహం చూసుకోవాల్సిన పని లేదు, మాట సులభంగా వస్తుంది) అడుగు: అమా, డాక్టరు చెప్పింది నీకు తెలుసుకోవాలని ఉందా, లేదంటే నన్నే చూసుకోమంటావా? నువ్వే చూసుకో అంటే సరే, అది ఆమె ఇష్టం, ఇంకోసారి అడగొచ్చు. మళ్లీ వచ్చిందా అని అడిగితే మాత్రం వచ్చింది అని చెప్పు. ఎన్నాళ్లు అని అంకెలు చెప్పొద్దు, మందు ఉందని చెప్పు, అది అబద్ధం కాదు.

జాబ్ మానొద్దు. ఇది రెండు నెలల్లో తేలిపోయే వైద్యం కాదు, డబ్బులూ నీ ఓపికా రెండూ చాలాకాలం కావాలి. స్కాన్ తేదీలకీ, మందు మార్చినప్పుడూ లీవు పెట్టి రా, మిగతా రోజులు తమ్ముడు చూస్తాడు. రెండో అభిప్రాయం కావాలంటే తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, టాటా ట్రస్ట్స్ వాళ్ల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు దాటితే వేలూరు సీఎంసీ. ఒక్కసారి చూపించి ఒకచోట ఉండిపోండి, మనవాళ్లు చెప్పిన ప్రతి ఊరికీ ఆమెని తిప్పొద్దు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, అందులో ఏ మందు వస్తుందో రాదో ముందే కౌంటర్లో అడుగు.

చిన్నమ్మ పసరు మందు తెచ్చిందని చివర్లో రాసినావు. పుత్తూరు కట్టు చేయి విరిగితే నేనే పొమ్మంటాను, దీనికి మాత్రం డాక్టరుకి చూపించకుండా ఏ పసరూ తాగించొద్దు, ఈ మాత్రలతో కలిస్తే లివర్ మీద పడొచ్చు.

ఆ ఎడమ చేయి వాస్తుందన్నావు కదా, గ్రంథులు తీసినందుకు నీరు చేరుతుంది. బీపీ, రక్తం, ఇంజెక్షన్ అన్నీ కుడి చేతికే చేయమను. గాజులు బిగుతైతే తీసేయండి, టైలర్ దగ్గర రవిక చేయి ఒక పక్క వదులు చేయించు, బయటికి పోయేటప్పుడు అమ్మ కొంగు కప్పుకొనే బాధ తప్పుతుంది. ఆ చేయి ఉన్నట్టుండి ఎర్రగా వేడెక్కినా, మందులు వాడేటప్పుడు జ్వరం 100.4 దాటినా డోలో వేసి తెల్లారనీ అనుకోవద్దు, ఆ రాత్రే తీసుకెళ్లండి.

నాయనకి మాత్రం అమ్మకంటే ఒక రోజు ముందు, తమ్ముణ్ని కూర్చోబెట్టుకొని పూర్తిగా చెప్పండి. అమ్మ ముందర ఆయన కూలబడితే ఆమె తన సంగతి పక్కన పెట్టి ఆయనకి కాఫీ కలపడానికి లేస్తుంది.