ఆ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: నమస్తే అమ్మా. నాకు 34 ఏళ్లు. జీడిమెట్లలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్‌లో చేరి ఆరేళ్లు దాటింది. చేతికి రాకముందు జీతం రూ.17,500. అందులో బేసిక్, డీఏ కలిపి రూ.11,000. ఆర్డర్లు తగ్గాయని మా లైన్ మొత్తాన్ని ఫిబ్రవరి నెలాఖరుకు తీసేస్తున్నారు. హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, 'సొంత కారణాల వల్ల మానేస్తున్నాను' అని టైప్ చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితేనే సెటిల్‌మెంట్ త్వరగా ఇస్తారట. కొందరు పెట్టేశారు కూడా. ఈఎస్ఐ ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొన్నాళ్లు డబ్బులు ఇస్తారని విన్నాను, నిజమేనా? మా అమ్మ నా మీదే ఆధారపడి ఉంది. ఆమె షుగర్, బీపీ మందులు డిస్పెన్సరీ నుంచే తెస్తున్నాను. అవీ ఆగిపోతాయా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ఇంకా సంతకం పెట్టలేదు కదా, చాలా మంచి పని చేశారు. పెట్టకండి. డబ్బుల మాట నిజమే, కానీ అదంతా ఆ ఒక్క కాగితం మీదే ఆధారపడి ఉంది.

నేను ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. కంపెనీ తీసేసిందని ఏడుస్తూ వచ్చినవాళ్లు సంచిలోంచి కాగితాలు తీస్తే, వాటిలో వాళ్లు సంతకం పెట్టిన రాజీనామా కాపీ ఉండేది. ఏళ్ల తరబడి నెలనెలా చందా కట్టిన మనిషికి 'మీకు రాదమ్మా' అని చెప్పాల్సి రావడం ఎంత బాధో నాకు తెలుసు. తమంతట తాము మానేసినవాళ్లకు నిరుద్యోగ భృతి లేదు. యాజమాన్యం తొలగిస్తేనే ఉంటుంది.

ఈఎస్ఐలో దీనికి రెండు దారులున్నాయి. మొదటిది 2005 ఏప్రిల్ 1న మొదలైన రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. ఫ్యాక్టరీ మూతపడినా, పని లేదని యాజమాన్యం చట్టప్రకారం తొలగించినా (దీన్నే రిట్రెంచ్‌మెంట్ అంటారు), కనీసం రెండేళ్ల చందా ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. మొదటి 12 నెలలు జీతంలో సగం, తర్వాతి 12 నెలలు పాతిక శాతం ఇస్తారు. మీ లెక్కన మొదటి ఏడాది నెలకు సుమారు రూ.8,750, రెండో ఏడాది అందులో సగం. ఆ కాలమంతా మీకూ మీ కుటుంబానికీ వైద్యం కూడా ఉంటుంది. ఇంత విలువైన పథకం గురించి కార్మికుల్లో చాలామందికి తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

రెండోది 2018 జులై 1న వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. రోజువారీ సగటు సంపాదనలో సగం చొప్పున, జీవితంలో ఒక్కసారి, 90 రోజుల వరకు ఇస్తారు. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు. కంపెనీ ద్వారా వెళ్లాల్సిన పని లేదు. గడువు పొడిగించుకుంటూ నడుపుతున్న పథకం కాబట్టి, మీ తేదీకి అమల్లో ఉందా అని కౌంటర్లో ముందే అడగండి. ఒకే కాలానికి రెండు పథకాల డబ్బూ ఇవ్వరు. మీలాంటివారు మొదట అడగాల్సింది రాజీవ్ గాంధీ పథకమే అంటాను.

అమ్మగారి మందుల గురించి భయం వద్దు. ఈఎస్ఐలో అక్టోబర్ నుంచి మార్చి వరకు ఒక చందా కాలం. అందులో 78 రోజుల చందా పడితే, తర్వాత వచ్చే జులై నుంచి డిసెంబర్ వరకు వైద్యం పొందే హక్కు ఉంటుంది. ఫిబ్రవరి చివరిదాకా పని చేస్తే మీకు 78 రోజులు దాటిపోతాయి. జనవరి నుంచి జూన్ వరకు హక్కు, అంతకుముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టిన చందాతోనే వచ్చేసింది. అంటే డిసెంబర్ 31 దాకా మందులు ఆగవు. డిస్పెన్సరీలో 'మీరు పని మానేశారు కదా' అంటే ఈ లెక్క చెప్పండి.

ఇక కంపెనీ ఇవ్వాల్సినవి వేరే. తొలగిస్తే నెల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. నిండిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. మీకు ఆరేళ్లకు 90 రోజుల వేతనం. గ్రాట్యుటీ బేసిక్, డీఏ మీద లెక్క: 11,000ను 26తో భాగించి, 15తో, ఆపైన 6తో గుణిస్తే రూ.38,000 దాటుతుంది. రాజీనామా చేసినా ఐదేళ్లు నిండాయి కాబట్టి గ్రాట్యుటీ వస్తుంది. కానీ నోటీసు జీతం, పరిహారం పోతాయి. సంతకం ఎందుకు అడుగుతున్నారో ఇప్పుడు అర్థమైందా? 'త్వరగా ఇస్తాం' అంటున్నది ఎలాగూ మీకు రావాల్సిన డబ్బే.

మళ్లీ గదిలోకి పిలిస్తే గొడవ పడకండి. 'తొలగిస్తున్నట్టు లెటర్ ఇవ్వండి, తీసుకుంటాను' అని మాత్రం చెప్పండి. ఈఎస్ఐ నెలవారీ చందా నమోదులో మీరు ఎందుకు వెళ్లిపోయారో కంపెనీ కారణం పెడుతుంది. అక్కడ రిట్రెంచ్‌మెంట్ అని ఉండాలి, ఊరికే 'పని మానేశారు' అని ఉంటే తర్వాత మీరే తిరగాలి. పే స్లిప్పులు, ఐడీ కార్డు, ఈఎస్ఐ నంబర్ ఫోటోలు ఈరోజే తీసి పెట్టుకోండి. ఈఎస్ఐ రికార్డులో ఆధార్, బ్యాంకు ఖాతా, పేరులోని అక్షరాలు సరిపోయాయో చూసుకోండి. డబ్బు నేరుగా ఖాతాలోనే పడుతుంది.

సంతకం పెట్టేసిన మీ తోటివాళ్లకు కూడా చెప్పండి. ఏ తేదీన, ఎవరు పిలిచి, ఏమని పెట్టించారో రాసి, అది ఇష్టపూర్వకం కాదని కంపెనీకి రసీదు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపాలి. ఆలస్యం చేస్తే ఆ మాటకు బలం తగ్గుతుంది. ఆ కాపీతో అందరూ కలిసి కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. ఒక్కరుగా వెళ్లకండి, లైన్ మొత్తం ఒకే రోజు ఒకే కాగితం మీద సంతకం పెట్టిందని తెలిస్తే 'సొంత కారణాలు' అన్న మాటను అక్కడ ఎవరూ నమ్మరు.